ఖతమ్ షుద్ మా ఇంటి మాటే

రష్దీ పేరు ఎత్తితే చాలు, మా వంటి వాళ్లకు రెండే ప్రశ్నలు ఎదురవుతాయి. మసీదు మెట్ల దగ్గరైతే "ఆ కితాబు గురించి మీరేమంటారు?" అని. సాహిత్య సభల్లోనైతే "ఆ ఫత్వా గురించి మీరేమంటారు?" అని. మాటలు వేరు, అడిగేది మాత్రం ఒకటే: మీరు ఏ గట్టున నిలబడ్డారో చెప్పి కదలండి! 1988 అక్టోబరులో మన ప్రభుత్వం 'సటానిక్ వర్సెస్' దిగుమతిని ఆపింది. 1989 ఫిబ్రవరి 14న ఇరాన్ నుంచి ఖొమైనీ ఫత్వా వచ్చింది. అప్పటినుంచి ఒక రచయిత పేరు మా నెత్తిన పరీక్ష కాగితంలా వేలాడుతోంది. జవాబు ఎటు రాసినా సగం మార్కులే.

ఆ పుస్తకం మా వాళ్ల మనసుల్ని నొప్పించిందన్నది నిజం. పుస్తకానికి జవాబు కత్తి కాదన్నది కూడా నిజమే. ఈ రెండు ముక్కలూ ఒకే నోటితో చెప్పొచ్చు, మేం చెబుతూనే ఉన్నాం. కానీ ఈ గొడవలో ఎవరికీ పట్టకుండా పోయిన పుస్తకం ఇంకొకటి ఉంది. ఫత్వా వచ్చిన మరుసటి ఏడాది, 1990లో, అజ్ఞాతంలో ఉన్న ఆ మనిషి తన కొడుకు కోసం ఒక పిల్లల నవల రాశాడు. పేరు 'హరూన్ అండ్ ద సీ ఆఫ్ స్టోరీస్'. మసీదు మెట్ల మీద మమ్మల్ని నిలదీసిన వాళ్లలో దాన్ని చదివినవాళ్లు మాకు తగల్లేదు. రష్దీ కోసం ప్రకటనల మీద సంతకాలు పెట్టిన సెక్యులర్ మిత్రుల్లో కూడా ఒకరిద్దరికి మించి తగల్లేదు. ఆ పుస్తకం నిండా ఉన్నవేమో మా ఇండ్ల మాటలు. చుప్, గప్, కహానీ, కితాబ్, బాత్‌చీత్, బేజబాన్! మా దాదీమాల నోట్లోంచి ఊడిపడ్డ మాటలతో ఇంగ్లీషులో ఒక లోకం కట్టిన పుస్తకం మాకే తెలియకుండా పోయిందంటే ఆ నష్టం రష్దీది కాదు.

ఆ లోకం ఎక్కణ్ణుంచి వచ్చింది? 'కథాసరిత్సాగరం' నుంచి అంటారు కొందరు. 'అలిఫ్ లైలా' నుంచి అంటారు మరికొందరు. రెండూ నిజమే. కానీ అటు వెళ్లే తలుపు తీసింది మాత్రం ఒక సినిమా. అదీ హాలీవుడ్ జానపద సినిమా.

1939లో ఎం.జి.ఎం. వాళ్లు తీసిన 'ద విజార్డ్ ఆఫ్ ఆజ్' అది. 1900లో ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన పిల్లల పుస్తకం దానికి మూలం. కాన్సాస్ అనే బోసి మైదానంలో డరోతీ అనే పిల్ల ఉంటుంది. సుడిగాలి ఇంటితో సహా ఆ పిల్లను ఎత్తుకుపోయి ఆజ్ అనే అద్భుత దేశంలో పడేస్తుంది. అక్కడ గడ్డిబొమ్మ, రేకు మనిషి, పిరికి సింహం తోడవుతారు. అందరూ కలిసి మహా మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ పోతారు. తీరా చూస్తే ఆ మాంత్రికుడు తెర వెనక యంత్రాలు తిప్పుకునే ఒక ముసలి బోడిగుండు దొంగ! బొంబాయిలో కశ్మీరీ ముస్లిం కుటుంబంలో 1947లో పుట్టిన సల్మాన్ చిన్నతనంలోనే ఈ సినిమా చూశాడు. పదేళ్ల వయసులో తన మొదటి కథ రాశాడు. ఆ సినిమాలోని పాట మాటలే దానికి పేరుగా పెట్టుకున్నాడు. కథ ఏమిటంటే, బొంబాయి వీధిలో నడిచే ఒక కుర్రాడికి ఇంద్రధనుస్సు మొదలయ్యే చోటు కనబడుతుంది, దానికి మెట్లు కూడా ఉంటాయి. ఆ కథను నాన్న అనీస్ అహ్మద్ తన గుమాస్తా చేత టైపు కొట్టించి దాచిపెట్టాడు. 1961లో కొడుకు చదువుకని ఇంగ్లండు వెళ్లిపోయాక ఆ కాగితాలు ఎక్కడో పోయాయి. మళ్లీ దొరకలేదు.

1992లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కోసం రష్దీ ఈ సినిమా మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. తనను రచయితను చేసింది ఈ సినిమానేనని అందులో నిస్సంకోచంగా ఒప్పుకున్నాడు. నవలాకారులు సాధారణంగా టాల్‌స్టాయ్ పేరో మార్క్వెజ్ పేరో చెబుతారు. పాటలూ మంత్రగత్తెలూ ఉన్న సినిమా పేరు చెప్పడానికి కాస్త తెగింపు ఉండాలి.

సరే, ఏం తీసుకున్నాడు దాన్నుంచి? మాకు తోచినంతలో, అన్నిటికంటే ముందు పెద్దవాళ్ల చేతగానితనం. డరోతీని పెంచిన పిన్నీ బాబాయిలు మంచివాళ్లే. కానీ పొరుగు గయ్యాళి వచ్చి కుక్కపిల్లను ఎత్తుకుపోతుంటే చేష్టలుడిగి చూస్తారు. అందుకే పిల్ల ఇల్లు వదిలి పారిపోవాలనుకుంటుంది. సినిమాను నడిపించేది ఆ చేతగానితనమే అంటాడు రష్దీ. ఇప్పుడు హరూన్ కథ చూడండి. వాళ్ల నాన్న రషీద్ ఖలీఫా ఊరూరా కథలు చెప్పుకునే మనిషి. భార్య సొరయా పొరుగింటి గుమాస్తా సేన్‌గుప్తాతో వెళ్లిపోతుంది. అబద్ధపు కథల వల్ల ఏం లాభమని సేన్‌గుప్తా అడిగిన ప్రశ్ననే హరూన్ కూడా కోపంలో తండ్రి మొహాన విసురుతాడు. దాంతో రషీద్ నోరు పడిపోతుంది. కథలు ఎండిపోతాయి. ఇక కొడుకే బయలుదేరాలి, నాన్న కథల్ని వెనక్కి తేవడానికి. నోరు కట్టేసిన తండ్రి, దాక్కున్న రచయిత, దూరంగా ఉన్న కొడుకు! ఎవరు ఎవరో చెప్పక్కర్లేదు. కొడుకు జఫర్‌కు తర్వాతి పుస్తకం నీకోసమేనని రష్దీ మాట ఇచ్చి ఉన్నాడు. స్నానం వేళల్లో అతనికి చెప్పిన కథలే దీనికి మూలం. అంకిత పద్యంలో పంక్తుల మొదటి అక్షరాలు కలిపితే జఫర్ పేరు వస్తుంది.

రెండోది మొహాల రహస్యం. సినిమాలో కాన్సాస్ పొలంలో పనిచేసే ముగ్గురు కూలీలే ఆజ్ దేశంలో గడ్డిబొమ్మ, రేకు మనిషి, సింహం అవుతారు. సైకిలెక్కి వచ్చిన పొరుగు గయ్యాళే పచ్చరంగు మంత్రగత్తె. నటీనటులు వాళ్లే, లోకం మారింది. హరూన్‌లో కూడా అంతే. గుమాస్తా సేన్‌గుప్తా మొహమే చుప్ దేశపు నియంత ఖతమ్ షుద్‌కు ఉంటుంది. పిచ్చివేగంతో బస్సు నడిపిన బట్, అవతలి లోకంలో బట్ అనే పేరుతోనే యంత్రపు హుద్‌హుద్ పిట్టగా ఎదురవుతాడు. జానపద లోకమంటే ఎక్కడో ఏడు సముద్రాల అవతల లేదు, మన వీధిలో ఉన్నవాళ్లే అక్కడా ఉన్నారు. ఈ కిటుకు రష్దీకి పట్టించింది ఆ సినిమానే.

దీని బలం ఎంతో తెలియాలంటే ఇంకా వెనక్కి, 1981 నాటి 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్' దగ్గరికి పోవాలి. అందులో సలీమ్‌కు ఒక పీడకల వస్తుంది, ఆకుపచ్చా నలుపూ కలిసిన 'విడో' కల. ఆ రంగులు ఆజ్ మంత్రగత్తె నుంచే వచ్చాయని రష్దీ స్వయంగా రాశాడు. ఆ 'విడో' ఎవరో పాఠకులకు తెలుసు. ఎమర్జెన్సీ కాలపు ఇందిరాగాంధీ. నవలలో ఢిల్లీ జామా మసీదు నీడలో ఉన్న గారడీవాళ్ల బస్తీని బుల్డోజర్లు నేలమట్టం చేస్తాయి, అర్ధరాత్రి పిల్లలకు బలవంతపు ఆపరేషన్లు జరుగుతాయి. 1976 ఏప్రిల్‌లో తుర్క్‌మాన్ గేటు దగ్గర ఏం జరిగిందో మా పెద్దల నోట విన్నవాళ్లం మేం. ఆ గాయాన్ని చెప్పడానికి ఒక నవలాకారుడికి హాలీవుడ్ మంత్రగత్తె మొహానికి పూసిన పచ్చరంగు పనికొచ్చింది! జానపద సినిమాలంటే చిన్నచూపు చూసే విమర్శక మిత్రులు దీని గురించి కాస్త ఆలోచించాలి.

ఇంకొక సినిమా కూడా ఉంది. దాని సంగతి తక్కువమంది గమనించారు. హరూన్‌లో కథాసముద్రంలో ఈదే రెండు చేపలున్నాయి, ప్రాసలో తప్ప మాట్లాడవు. వాటి పేర్లు గూపీ, బాఘా. సత్యజిత్ రాయ్ 1969లో తీసిన 'గూపీ గాయెన్ బాఘా బాయెన్' వీరుల పేర్లవి. పుస్తకం చివర పేర్ల అర్థాలు చెప్పేచోట రష్దీ ఆ మాట తనే చెప్పాడు. రాయ్ తాత ఉపేంద్రకిశోర్ 1915లో తన పిల్లల పత్రిక 'సందేశ్'లో రాసిన కథ అది. పాట రాని గాయకుడొకడు, దరువు రాని డోలు వాయించేవాడొకడు. ఇద్దర్నీ ఊళ్లనుంచి తరిమేస్తే అడవిలో దయ్యాల రాజు మూడు వరాలిస్తాడు. కోరిన తిండీ బట్టా, కోరిన చోటికి ప్రయాణం, విన్నవాళ్లను కదలకుండా నిలబెట్టే సంగీతం. రాయ్ కూడా ఆ సినిమాను చిన్నవాడైన కొడుకు సందీప్ కోసం తీశాడు. కొడుకు కోసం ఒకరు సినిమా తీస్తే, ఇరవై ఏళ్ల తర్వాత తన కొడుకు కోసం మరొకరు నవల రాశారు.

ఆ సినిమాలో దయ్యాల నాట్యం చూడని తెలుగువాళ్లు ఉంటే వెంటనే చూడండి. రాజులు, మామూలు జనం, ఇంగ్లీషు దొరలు, బొర్రలు పెంచిన పెద్దమనుషులు, ఇలా నాలుగు జాతుల దయ్యాలు ఆడి, కొట్లాడుకుని చస్తాయి. (చచ్చినవాళ్లు మళ్లీ చావడమేమిటని అడగొద్దు!) దానికి రాయ్ వాడింది మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్. అంటే మన దక్షిణాది తాళవాద్య కచేరీ. బెంగాలీ దయ్యాలు కర్ణాటక తాళానికి ఆడాయన్నమాట.

అయితే అసలు బంధం పేర్లలో కంటే లోతుగా ఉంది. రాయ్ సినిమాలో శుండీ, హల్లా అని రెండు రాజ్యాలు. శుండీ ప్రజలకు ఒక మహమ్మారి వల్ల మాట పోయింది. హల్లా రాజుకు మంత్రి మందు పెట్టించి యుద్ధానికి ఉసిగొల్పుతాడు. గూపీ పాడితే ఆకాశంనుంచి మిఠాయి కుండలు దిగుతాయి, ఆకలితో మాడిన సైనికులు ఆయుధాలు పారేసి తినడానికి పరిగెడతారు, యుద్ధం ఆగిపోతుంది. ఒకవైపు మాట లేని రాజ్యం, ఒకవైపు యుద్ధోన్మాదపు రాజ్యం. రష్దీ వీటినే తిరగేసి కలిపాడని మా అంచనా. హరూన్‌లో గప్ దేశం ఉంది, వెలుగులో ఉంటుంది, వాగుడే వాగుడు. చుప్ దేశం ఉంది, చీకట్లో ఉంటుంది, నోరు మెదపకూడదు. ఖతమ్ షుద్ బేజబాన్ అనే విగ్రహాన్ని కొలిపిస్తాడు. రాకుమారి బాత్‌చీత్ పెదవులు కుట్టించి బలి ఇవ్వాలని చూస్తాడు. గప్ సైన్యం పేరు లైబ్రరీ. అందులో సిపాయిలు 'పేజీలు', దళాలు 'అధ్యాయాలు', సేనాపతి జనరల్ కితాబ్. సేనాపతి వ్యూహం చెబితే ప్రతి సిపాయి దాన్ని విమర్శిస్తాడు. ఇదేం సైన్యమని హరూన్ బిత్తరపోతాడు. తీరా యుద్ధంలో, ముందే అన్నీ వాదించుకున్నారు కాబట్టి గప్ వాళ్లు ఒక్కటై నిలబడతారు. మౌనంలో పెరిగిన చుప్ వాళ్లు ఒకర్నొకరు అనుమానించుకుని చెల్లాచెదురవుతారు. మా జమాతుల్లో, మా సంఘాల్లో, మా రచయితల సమావేశాల్లో కూడా ఈ అధ్యాయం ఒకసారి చదివి వినిపిస్తే బాగుండనిపిస్తుంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. చుప్ వాళ్లంతా దుర్మార్గులని రష్దీ రాయలేదు. ముద్ర అనే నీడల వీరుడు అక్కడివాడే. అభినయంతో, చేతి వేళ్లతో మాట్లాడతాడు. ఆ మౌనంలోని అందం చూసి, శత్రుదేశమంటే మనకు చెప్పినట్టే ఉండదని హరూన్ తెలుసుకుంటాడు. ప్రాణాలకు వేట సాగుతున్న రోజుల్లో, పగతో రాయడానికి అన్ని కారణాలూ ఉన్న మనిషి, అవతలి వాళ్లలో ముద్రను చూడగలిగాడు. అది మాకు ఆశ్చర్యం కలిగించింది.

ఇక హుద్‌హుద్. ఖురాన్‌లో సులేమాన్ ప్రవక్తకు సబా రాణి కబురు తెచ్చిన పిట్ట, తల మీద తురాయి ఉన్న పిట్ట. అత్తార్ 'మంతిఖుత్తైర్'లో పక్షులన్నిటికీ దారి చూపి సీముర్గ్ దగ్గరికి నడిపించిందీ అదే. హరూన్‌ను వీపున ఎక్కించుకుని కహానీ అనే చందమామకు తీసుకుపోయేదీ అదే. తండ్రీకొడుకుల పేర్లు కలిపితే బగ్దాద్ ఖలీఫా హారూన్ రషీద్. సముద్రమేమో పదకొండో శతాబ్దపు కశ్మీరీ కవి సోమదేవుడిది. మా పిల్లలు కథ అయిపోగానే "కహానీ ఖతమ్, పైసా హజమ్" అని కేరింతలు కొడతారే, ఆ 'ఖతమ్'కే రష్దీ మనిషి రూపం ఇచ్చి కథల శత్రువును చేశాడు. ఒక అమెరికన్ సినిమా అతనికి అమెరికన్ కథ నేర్పలేదు. అతని ఇంటి అటక మీద ఏముందో చూపించింది.

ఇంగ్లీషులో రొమాన్స్ అనే మాటకు ఇప్పుడు ప్రేమకథ అనే అర్థమే మిగిలింది. వెనకటికి వీరులు, పరీలు, జిన్నులు, వలపు, వియోగం, యుద్ధం అన్నీ కలిసిన పెద్ద కథ అని అర్థం. మన దగ్గర దాన్నే దాస్తాన్ అన్నారు. లక్నో నవల్ కిశోర్ ప్రెస్ అచ్చువేసిన 'దాస్తానె అమీర్ హమ్జా' 46 సంపుటాలు. అచ్చువేసిన మున్షీ నవల్ కిశోర్ హిందువన్న సంగతి ఇవాళ గుర్తు చేయాల్సి రావడమే విషాదం. గులెబకావళి కథ ఫారసీ నుంచి ఉర్దూలోకి వచ్చింది, దాన్ని మస్నవీగా మలచిన దయాశంకర్ నసీమ్ కశ్మీరీ పండిట్. ఈ కథలకు ఒక కర్త లేడు. 'విజార్డ్ ఆఫ్ ఆజ్'కూ అంతే. తెర మీద విక్టర్ ఫ్లెమింగ్ పేరు ఒక్కటే ఉన్నా, మధ్యలో నలుగురు దర్శకులు మారారు. దాస్తాన్ చెప్పే తీరుకు సినిమా ఎందుకంత దగ్గరగా ఉందో ఇక్కడ కొంత తెలుస్తుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్తేం కాదు. 'పాతాళ భైరవి' (1951)లో కాశీమజిలీల పక్కన అల్లావుద్దీన్ కూడా ఉన్నాడు. 'గులేబకావళి కథ' (1962), 'బాగ్దాద్ గజదొంగ' (1968), 'ఆలీబాబా 40 దొంగలు' (1970) మూడింటిలోనూ ఎన్టీఆరే. టూరింగు టాకీసుల్లో నేల టికెట్టు మీద కూర్చుని ఈలలు వేసినవాళ్లలో అన్ని కులాల వాళ్లూ, అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. బగ్దాద్ వీధులు వాళ్లకు పరాయివి కాలేదు. కానీ సినిమా వదిలి బయటికొచ్చాక, అదే వీధిలో ఉన్న మా ఇంటిని మాత్రం పాకిస్తాన్ అన్నారు! ఆ తెర మీదనుంచి సొంత నవల ఎత్తుకున్న రచయిత తెలుగు ముస్లింలలో రావాల్సింది. అజ్ఞాతంలో ఉన్న బొంబాయి మనిషి ఇంగ్లీషులో ఆ పని చేశాడు. కొంచెం అసూయగానే ఉంది.

ఇల్లు అన్నాం కాబట్టి అదీ చెప్పాలి. ఆజ్ సినిమా ముగింపులో డరోతీ ఎర్ర కెంపుల జోళ్ల మడమలు తాటించి, ఇంటిని మించిన చోటు లేదని అంటుంది, వెలిసిపోయిన కాన్సాస్‌కు తిరిగొస్తుంది. (బామ్ పుస్తకంలో అవి వెండి జోళ్లు. రంగుల ఫిల్ము కోసం కెంపులయ్యాయి. 1970లో ఒక జత 15,000 డాలర్లకు పోయింది. 2024 వేలంలో ఇంకొక జత మీద పాట 2 కోట్ల 80 లక్షల డాలర్లదాకా వెళ్లింది.) రష్దీకి ఈ ముగింపు నచ్చలేదు. అన్ని రంగులు చూసిన పిల్ల బూడిదరంగు దగ్గర ఎందుకు సర్దుకోవాలని అతని పేచీ. బాల్యం దాటి బయటపడ్డవాళ్లకు పాత ఇల్లు ఉండదు, మనం కట్టుకున్నదే ఇల్లు అంటాడు. సాక్ష్యంగా 1910 నాటి బామ్ పుస్తకాన్నే చూపిస్తాడు. అందులో డరోతీ పిన్నినీ బాబాయినీ కూడా తీసుకుని ఆజ్‌లోనే కాపురం పెడుతుంది.

ఈ చోట మేం రష్దీతో పూర్తిగా ఏకీభవించలేం. వలస వెళ్లినవాడికి ఆ మాట చెల్లుతుంది. ఎక్కడికీ వెళ్లకుండా, పుట్టిన ఊళ్లోనే, తాతల గోరీలున్న చోటే "మీ ఇల్లు ఇది కాదు" అనిపించుకునే వాళ్ల సంగతేమిటి? మాకు కాన్సాస్ కూడా కావాలి. దానికి రంగులు కూడా కావాలి. హరూన్ ముగింపు, రష్దీ వ్యాసం కంటే మాకు దగ్గరగా ఉంది. కుర్రాడు తిరిగి తన దిగులు ఊరికే వస్తాడు. తల్లి ఇంటికి వచ్చి ఉంటుంది, ఊరికి మరిచిపోయిన పేరు గుర్తొస్తుంది. ఆ పేరే కహానీ.

ఆ దారి తర్వాత కూడా సాగింది. 'ది ఎన్‌చాంట్రెస్ ఆఫ్ ఫ్లారెన్స్' (2008)లో జోధా బాయి అక్బర్ ఊహలోంచి పుట్టిన రాణి. రెండో కొడుకు మిలన్ కోసం 'లూకా అండ్ ద ఫైర్ ఆఫ్ లైఫ్' (2010) రాశాడు. 2015 నవల పేరులో రెండేళ్లు, ఎనిమిది నెలలు, ఇరవై ఎనిమిది రాత్రులు అని ఉంటుంది, లెక్కపెడితే వెయ్యిన్నొక్క రాత్రులు. అందులో దునియా అనే జిన్ను స్త్రీ కార్డోవా తత్వవేత్త ఇబ్న్ రుష్ద్‌ను ప్రేమిస్తుంది. రష్దీ ఇంటిపేరు ఆ ఇబ్న్ రుష్ద్‌దే, తండ్రి అభిమానంతో పెట్టుకున్నది. హేతువు కోసం గజాలీతో వాదించిన పన్నెండో శతాబ్దపు ముస్లిం పండితుడి పేరును మోస్తున్న మనిషిని ముస్లింల బయటివాడిగా చూడ్డం ఎంత తేలికైందో!

2022 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వాలో వేదిక మీద అతని మీద కత్తి దాడి జరిగింది. కుడికన్ను పోయింది. అప్పటికే రాసి ముగించిన 'విక్టరీ సిటీ' 2023 ఫిబ్రవరిలో వచ్చింది. అది విజయనగరం కథ, తెలుగువాళ్ల కథ కూడా. పంపా కంపన అనే స్త్రీ విత్తనాలు చల్లిస్తే నగరం మొలుస్తుంది. నగరమైతే మొలిచింది కానీ మనుషులకు గతం లేదు, శూన్యంగా చూస్తుంటారు. పంపా కంపన ఒక్కొక్కరి చెవిలో వాళ్ల కథ ఊదుతుంది, తాత ఎవరో, ఊరు ఏదో, పని ఏమిటో. అప్పుడు వాళ్లు మనుషులవుతారు. అది మళ్లీ కథాసముద్రపు నీరే. చివర్లో కృష్ణదేవరాయలు ఆమె కళ్లు పొడిపిస్తాడు, మనం విన్న కథల్లో అప్పాజీ తిమ్మరుసుకు జరిగినట్టే. కత్తి పడడానికి ముందే రాసిన పేజీలవి. కళ్లు పోయిన పంపా కంపన ఆగదు. రాస్తూనే ఉంటుంది.